మైలురాయి మీద చామంతులు

"ఆ దండ తీసెయ్యమను. కొత్తగా కొట్టొచ్చినట్టు కనబడతా ఉండాది."

కెమెరాలోంచి కన్ను తీయకుండానే అన్నాడు అశ్విన్.

తిరుచెందూరు వైపు ఎర్ర ఇసుక ఎడారి. రోడ్డు పక్కన తెల్లదొరల కాలంనాటి మైలురాయి. అంకెలు సగం అరిగిపోయాయి. పాత దారుల ఫోటోల కోసం కోయంబత్తూరు నుంచి కారులో వచ్చిన అశ్విన్‌కీ, భార్య కార్తీకకీ ఇంత మంచి దృశ్యం ఇంకెక్కడా దొరకలేదు.

కానీ రాయికి తాజా చామంతి దండ. పక్కనే ఉతికిన పంచెలో ఒక ముసలాయన.

"మీరూ మనోళ్లేనా కన్నూ?" వాళ్ల తెలుగు విని ఆయన ముఖం వెలిగింది. "మాది ఈ తమిళదేశం కంబమే."

"తాతా, ఆ పూలు కొంచెం తీస్తారా? పాత రాయి మాత్రం చాలు మాకు," అంది కార్తీక.

"తీయాల్నా తల్లీ? ఇప్పుడే కడితిని."

"ఒక్క నిమిషం తాతా. ఎండ ముదిరితే ఈ రంగు రాదు."

ఆయన రాయిని అరచేత్తో తాకి, ఏదో గొణిగి, ముడి విప్పాడు.

"రాయి కనబడితే చాలు, మనోళ్లు దండేసేస్తారు." అశ్విన్ నవ్వాడు.

ముసలాయనకి వినబడింది. దండ నలగకుండా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఒక్క నిమిషంతో అవలేదు. ఆయన దండ పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు. నీడ పడుతోందని అశ్విన్ ఆయన్ని ఇంకా వెనక్కి జరిపాడు.

దూరంగా బస్సు హారన్ మోగింది.

"ఇది ఇడిస్తే ఇంగ సాయంత్రమే బస్సు. పోటో అయినాక నువ్వే కట్టెయ్ కన్నూ, మరిచిపోవద్దు." దండ కార్తీక చేతుల్లో పెట్టాడు.

"సరి తాతా, కట్టేస్తా."

బస్సు వెళ్లిపోయింది. ఆమె దండని కారు బానెట్ మీద పెట్టి, ఫోటోలు చూడ్డానికి పరుగెత్తింది.

ఎడారి దాటాక ఒక టీ కొట్టు. కొట్టామె రాసాత్తికి అశ్విన్ ఆ ఫోటో గర్వంగా చూపించాడు.

"పూలు లేవే? అయ్యసామి అయ్య ఈ పొద్దు రాలేదా?" అని అడిగింది.

"పూలు మేమే తీయించాం అక్కా."

రాసాత్తి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎన్నో ఏళ్ల కిందట అక్కడ ఒక కారు బోల్తా పడింది తంబీ. చిన్న పాప, ఆయన ఒళ్లోనే పోయింది. ప్రతి ఏడూ ఇదే రోజు బస్సులు మారి మారి వచ్చి దండ కట్టి పోతాడు."

కార్తీక లేచి కారు దగ్గరికి పరుగెత్తింది.

బానెట్ మీద ఏమీ లేదు.

దండ ఎక్కడ జారిపోయిందో కూడా ఇద్దరూ చూసుకోలేదు.

అశ్విన్ తలెత్తలేకపోయాడు. "ఆయన ఇల్లు ఎక్కడో చెప్పక్కా. కాళ్లు పట్టుకుంటాం. కన్నబిడ్డ కోసం కట్టిన పూలని..."

"ఇల్లు తెలీదు. పాప ఆయన బిడ్డా కాదు," అంది రాసాత్తి. "మీ మాదిరే కోయంబత్తూరు నుంచి వచ్చినోళ్ల బిడ్డ. గుడికి పోయే బస్సు దిగి ఆయన పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నాడు, అంతే. ఆ పాప పేరేమో కూడా ఆయనకి తెలీదు."