నాలుగో జాకెట్

నలుగురు దోస్తులు తాండూరు నుంచి సముద్రంలోని ఒక దీవికి పోయారు, ముగ్గురే తిరిగొచ్చారు. పడవ దగ్గర నాలుగో లైఫ్ జాకెట్‌కు అద్దె దండగన్నది సుశాంతే. "కోట్‌పల్లి చెరువుల ఈదినోనివి, నీకెందుకురా?" అంటే నయీమ్ నవ్వి సరేనన్నాడు.

నెల తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. తడి కాళ్లతో ఎవరో నాపరాళ్ల మీద నడుస్తున్న చప్పుడు గుమ్మం దగ్గర మొదలై, సుశాంత్ మంచం పక్కన ఆగింది. అతను చెయ్యి చాచి నేల తడిమాడు. తడిలో ఇసుక తగిలింది. వేలు నాలుకకు ఆనిస్తే ఉప్పగా ఉంది.

జాకెట్ వద్దన్నది నయీమేనని వాళ్లమ్మకు తాను చెప్పిన అబద్ధం సుశాంత్‌కు గుర్తొచ్చింది.

"మాఫ్ చెయ్‌రా, నయీమ్."

చీకట్లో అదే నవ్వు వినిపించింది.

"సరే తియ్. లే, పడవొచ్చింది."