చుక్కల్లో అంకె

మర్నాడే పైలట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అదే ఉద్యోగంలో ఉన్న అన్న ఆ పూట విమానం నడుపుతున్నాడు కాబట్టి, తమ్ముణ్ణి ప్రశ్నలడిగే పని వదిన మీద పడింది.

వాతావరణం, ఇంజన్లు, ఇంధనం, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పాడు. చివరికి ఆమె కంటిపరీక్ష పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్య వేరే రంగులో దాగిన అంకె.

"పన్నెండు. ఎనిమిది. ఇరవై తొమ్మిది." ఆమె పేజీ తిప్పడమే ఆలస్యం.

"ఇవి కళ్ళా, టార్చిలైట్లా?" అని నవ్వుతూ ఇంకో పేజీ తిప్పింది.

"ఐదు."

పేజీలో ఉన్నది డెబ్బై నాలుగు.

"సరిగ్గా చూడు."

కళ్ళార్పకుండా చూశాడు. "ఐదే వదినా."

ఆమె వేళ్ళతో తడిమింది. రెండు పేజీలు అతుక్కుని ఒకేసారి తిరిగాయి. విడదీస్తే లోపలి పేజీలో ఐదు ఉంది.

"నీకు అసలు కనబడటం లేదు కదూ?"

"ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉంటాయి," అన్నాడు గొంతు తగ్గించి. "రేపు వాళ్ళు వరసగానే తిప్పుతారులే."

"నీ వెనక ఎంతమంది కూర్చుంటారో తెలుసా? మీ అన్నయ్యకి చెప్పేస్తాను."

"చెప్పు. ఇదంతా బట్టీ పట్టించిందే అన్నయ్య. తనూ ఇలాగే గట్టెక్కాడట. ఇద్దరిదీ పుట్టుకతో ఒకే చూపు."

వదిన కిటికీ వైపు తిరిగింది. చీకటి పడుతోంది, వాన మొదలైంది. దిగేటప్పుడు రన్‌వే పక్క దీపాలన్నీ ఎర్రగా కనబడితే విమానం మరీ కిందికొచ్చినట్టేనని భర్త ఒకసారి చెప్పాడు.

ఇవాళ ఆయన విమానంలో తమ పాప కూడా ఉంది.