పెరట్లో ఫైనల్ టెస్టు

"సార్, మొత్తం ఎన్ని పాతారు?" అని అడిగాడు టోనీ.

"మీ ఊళ్ళో మైన్లు పాతినవాళ్ళు లెక్క చెప్పి వెళ్ళారా?" అన్నారు త్యాగరాజుగారు.

టోనీ హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. అంగోలాలో యుద్ధం ముగిసి ఇన్నేళ్ళయినా వాళ్ళ ఊరి పొలాల్లో ఆ మందుపాతరలు ఇంకా ఉన్నాయి. వాటిని తీయడం నేర్చుకుని, తిరిగి వెళ్ళి మిగతావాళ్ళకి నేర్పడానికి అతనూ ఇంకో ముగ్గురూ ఎడ్మంటన్ వచ్చారు. ఇవాళే ఫైనల్ టెస్టు. ప్యాసైతే సర్టిఫికెట్‌తో విమానం ఎక్కుతారు. తప్పితే ఉత్త చేతులతో.

త్యాగరాజుగారు ఇండియన్ ఆర్మీలో ఇంజినీరుగా చేసి, ఇక్కడ స్థిరపడి, ఎన్నో దేశాలవాళ్ళకి ఈ పని నేర్పిన మనిషి. మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన వంగడం మానేశారు. ఇప్పుడు ఇతరులని వంగబెడతారు.

మొదటి రోజు ఆయన చెప్పే పాఠం ఒకటే. "జ్ఞాపకాన్ని నమ్మొద్దు. ఎర్రకర్ర పాతండి, మ్యాపు గియ్యండి. నాకు గుర్తుంటుందిలే అనుకున్నవాడికి కాలు మిగల్దు." టోనీ ఈ పాఠాన్ని నిద్రలో కూడా అప్పజెప్పగలడు.

ఊరి బయట ట్రైనింగ్ గ్రౌండ్ బ్రహ్మాండంగా ఉంది. అయినా ఈసారి టెస్టు తన ఇంటి పెరట్లోనే అని పట్టుబట్టారాయన. "మైన్లు గ్రౌండుల్లోనే ఉంటాయా? ఇళ్ళ మధ్య ఉండవూ?" అన్నారు. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు, ఆయన భార్య భ్రమరాంబగారు తప్ప.

వంటింటి కిటికీ తెరుచుకుంది.

"రేపు పొద్దున పిల్ల పెళ్ళి పెట్టుకుని పెరట్లో ఈ తవ్వకాలేమిటండీ? వియ్యాలవారొస్తే ఎక్కడ కూర్చోబెట్టను? పూలవాళ్ళకి ఫోన్ చేశారా? బ్యాంకుకి వెళ్ళారా? సూటు తెచ్చారా?"

"అన్నీ చేస్తానే! ముందు టెస్టు కానీ!"

"డాడ్, సీరియస్లీ?" అంది పెళ్ళికూతురు నీరజ, చేతుల గోరింటాకు ఆరబెట్టుకుంటూ.

పెరడంతా తాళ్ళు కట్టారు. నలుగురూ హెల్మెట్లు పెట్టుకుని పాకుతున్నారు. డిటెక్టర్ కూత పెడితే ఆగడం, పుల్లతో నెమ్మదిగా గుచ్చి చూడటం, బ్రష్షుతో మట్టి దులపడం. పక్కింటాయన కంచె మీదుగా ఓసారి చూసి, పిల్లిని చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నానికి బీరు మూతలు, తుప్పు పట్టిన స్కేటు బ్లేడు, ఒక చెంచా దొరికాయి. ఒక్కోటీ తెచ్చి చూపిస్తే త్యాగరాజుగారు మొహం మాడ్చుకుని, "ఇది కాదు. కానివ్వండి" అంటున్నారు. పోయిందనుకున్న చెంచా దొరికినందుకు భ్రమరాంబగారు మాత్రం కాస్త మెత్తబడ్డారు.

టోనీకి చెమటలు పట్టాయి. అమ్మ పొలం గుర్తొచ్చింది. యుద్ధమప్పటి నుంచీ అందులో ఎవరూ కాలు పెట్టలేదు. ఉత్త చేతులతో వెళ్ళి ఆవిడకి ఏం చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది.

"సార్, ఒక్క క్లూ ఇవ్వండి. కనీసం ఎటువైపో..."

"చెప్పను!" అని అరిచారు త్యాగరాజుగారు. ఎందుకో పెరడంతా ఓసారి కలయజూశారు. "అటూ ఇటూ అని లేదు. అంతా వెతకాలి!"

సాయంత్రం లైలాక్ పొద పక్కన డిటెక్టర్ గొంతు చించుకుంది. టోనీ బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి మట్టి దులిపాడు. వెడల్పాటి స్టీలు మూత అంచు కనిపించింది.

"మైన్!"

రూలు ప్రకారం దాన్ని కదపకూడదు. గుర్తు పెట్టి, అందరినీ దూరం పంపి, ఉన్నచోటే పేల్చెయ్యాలి. టోనీ ఎర్రకర్ర అందుకునేలోపే త్యాగరాజుగారు తాళ్ళు దాటొచ్చి, వంగని మోకాళ్ళు వంచి, రెండు చేతులా దాన్ని పెరికి గుండెకి హత్తుకున్నారు.

"సార్! ఎత్తకూడదు! పేల్చెయ్యాలి!"

"నీ దుంపతెగ, పేలుస్తావా!" అన్నారాయన తెలుగులో. వెంటనే ఇంగ్లీషులో, "అందరూ ప్యాస్!" అని గరాజ్‌లోకి పరుగెత్తారు.

నలుగురూ ఒకరినొకరు కావలించుకున్నారు. టోనీ ఏడ్చేశాడు. శిష్యులు ప్యాసైతే గురువు కళ్ళలో నీళ్ళు తిరగడం అతను చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి త్యాగరాజుగారు స్నానం చేసి, తల దువ్వుకుని వంటింట్లోకి వచ్చారు. చేతిలోని మూట బల్ల మీద పెట్టారు.

"ఇవిగో నగలు. బ్యాంకుకి వెళ్ళొచ్చా. ఇండియా వెళ్ళేముందు లాకర్లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి."

భ్రమరాంబగారు హారం చూసుకున్నారు, గాజులు చూసుకున్నారు, మురిసిపోయారు. వడ్డాణం ఎత్తి వెలుతురుకి పట్టి, కళ్ళు చికిలించారు.

"ఏమండీ, మీ బ్యాంకు లాకర్లో వానపాములు కూడా ఉంటాయా?"