మూత లేని గిన్నె

బడి హాలు గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఆగాడు. చేతిలో ఆ పుస్తకమే ఉంది.

పచ్చ అట్ట చూడగానే, అక్కడ కాపలా ఉన్న వెల్డరుకి ఒళ్ళు మండింది.

వెల్డరు చెల్లెలు ఆ బళ్ళో సైన్సు టీచరు. ప్రాణులు కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చాయని పదో తరగతికి పాఠం చెప్పింది. దేవుడు చేసినదాన్ని కాదంటుందా అని కొందరు తల్లిదండ్రులు బడి కమిటీకెక్కారు. వాళ్ళ ఆయుధం ఆ పచ్చ పుస్తకం. పేరు మోసిన ఫిజిక్సు ప్రొఫెసరు ఎప్పుడో రాసింది. వేడిది చల్లారుతుంది, కొత్తది పాతబడుతుంది, ఏదీ దానంతటది బాగుపడదు, ఇది ఉష్ణగతిక శాస్త్ర నియమం; కాబట్టి జీవం దానంతటది మెరుగుపడిందనడం అబద్ధం, చేసినవాడొకడున్నాడు అని అందులో ఉంది.

నిజానికి వెల్డరుకి ఆ మాట నచ్చింది. అతను అతికిన గేట్లన్నీ తుప్పు పట్టినవే. ఒక్కటీ తిరిగి కొత్తదవలేదు.

కానీ ఇవాళ చెల్లెలి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే మీటింగు. గోల చెయ్యడానికి అవతలివాళ్ళు బయటి మనుషుల్ని దింపుతున్నారని పుకారు. అందుకే షాపు కట్టేసి గుమ్మం కాస్తున్నాడు. చదువుకున్నవాళ్ళు కొట్లాడుకుంటే తలుపు దగ్గర నిలబడేది ఎప్పుడూ చదువబ్బనివాడే.

"ఎటువైపండీ మీరు?" అనడిగాడు.

పెద్దాయన కాస్త ఆలోచించాడు.

"అప్పుడు అటు. ఇప్పుడు ఇటు."

గోడమీద పిల్లి, అనుకున్నాడు వెల్డరు.

మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా అంటే లేదన్నాడు. ఎవరు రమ్మన్నారంటే చెప్పకూడదన్నాడు. లోపల రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతానన్నాడు.

"ఆ రెండూ ఏవో నాకు చెప్పండి."

పెద్దాయన అతని చేతుల మీద కాలిన మచ్చలు చూశాడు.

"విరిగిన ఇనుము దానంతటది అతుక్కోదు. మంట తగిలితే అతుక్కుంటుంది. అవునా బాబూ?"

"మంట పెట్టేది నేనేగా. అంటే చేసేవాడొకడున్నట్టేగా."

పెద్దాయన నవ్వాడు. "ఉన్నాడో లేడో నాకు తెలీదు. ఈ నియమం మాత్రం ఆయనకి సాక్ష్యం కాదు. ఇది బయటి వేడి సోకకుండా మూత బిగించిన గిన్నెకి చెప్పింది. భూమికి మూత లేదు, పైనించి ఎండ పడుతూనే ఉంది."

ఉన్నాడనడు, లేడనడు. చేతిలో వాళ్ళ పుస్తకం, నోట్లో తేనె. వెల్డరుకి ఇక అనుమానం లేకపోయింది.

మీటింగు ఇక్కడ కాదన్నాడు. పాత లైబ్రరీకి మార్చారని, ఆ చివర బస్సెక్కితే దింపుతుందని ఎంతో మర్యాదగా చెప్పాడు.

పెద్దాయన నమ్మాడు. పుస్తకాన్ని ఎండకి నెత్తిన అడ్డం పెట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

వెల్డరు మీసం దువ్వుకున్నాడు.

లోపల చెల్లెలు లేచింది. వెల్డరు గుమ్మం పక్క కిటికీలోంచి వింటున్నాడు. ఆమె కూడా మూత సంగతే చెప్పింది, ఎండ సంగతే చెప్పింది. వెల్డరు కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఇద్దరూ ఒకే మాట ఎలా అంటారు? ఆ ముసలాడు ఇదంతా ముందే ఎక్కడో పొంచి విన్నాడేమో అని సర్దిచెప్పుకున్నాడు.

కమిటీ అధ్యక్షుడు పచ్చ పుస్తకం పైకెత్తాడు.

"ఇంతటాయన కంటే నీకెక్కువ తెలుసా అమ్మా? ఇది తప్పని ఆయన చేత చెప్పించు. ఈ క్షణమే ఒప్పుకుంటాం."

ఆమె గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. తన కోసమే చూస్తోందనుకుని వెల్డరు ధైర్యంగా ఉండమని తలూపాడు.

చేతులు లేచాయి. ఉద్యోగం పోయింది.

అందరూ వెళ్ళాక మెట్ల మీద చెల్లెలు అడిగింది, ఎవరైనా వచ్చారా అని.

"ఒకడొచ్చాడు. వాళ్ళ మనిషే, పచ్చ పుస్తకం పట్టుకుని. అప్పుడు అటట, ఇప్పుడు ఇటట. నా దగ్గరా ఆ వేషాలు? లైబ్రరీకని చెప్పి బస్సెక్కించాను."

చెల్లెలు మెట్టు మీద కూలబడింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నీకు చెప్పలేదు. బయటికి పొక్కితే ఆయన్ని రానివ్వరని భయపడ్డాను."

"ఎవర్ని?"

"తను రాసింది తప్పని చెప్పడానికి, ఆ పుస్తకం రాసినాయనే వస్తానన్నారన్నయ్యా."