నాలుగో ఫోటో

ముసలాయన ఫోటో ముందు చెప్పులు విడిచాడు.

ఒక నిమిషం నిలబడి, మళ్లీ తొడుక్కుని పక్క ఫోటో దగ్గరికి వెళ్లాడు.

1998. కృష్ణగిరి లైబ్రరీలో పాత ఫోటోల ప్రదర్శన మొదలై అది రెండో రోజు, శుక్రవారం. లైబ్రేరియన్ తార ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి బామాలి నలభై ఫోటోలు పోగుచేసింది. ఆదివారం వాటి గురించి ప్రసంగం కూడా ఆమెదే.

తార గమనిస్తూనే ఉంది. మొత్తం ఆరుసార్లు విడిచాడు.

“ఈడ చెప్పులిడిచే పన్లేదు తాతా. ఇది గుడి కాదు.”

“అన్నిటికీ ఇడవలేదు కదమ్మా. ఆరుగురికే.”

“వాళ్లేం గొప్ప?”

ఆయన గొంతు తగ్గించాడు.

“ఫోటో తీసేటప్పటికి వాళ్లకు ప్రాణం లేదమ్మా.”

తార ఆ ఫోటోల వైపు తిరిగింది. ఆరుగురూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆరుగురూ కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నారు.

“అప్పట్లో బతికుండంగా ఫోటో తీసుకుంటే ఆయుస్సు తగ్గుతుందని బయమమ్మా. మనిషి పోయినాక, గుర్తుకు ఒకటి కావాల కదా అని స్టూడియోకు కబురు పంపేవాళ్లు. పోయినోళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎనక పక్క కట్టి తీసేది.”

“మరి కండ్లు?”

“ఫోటోలో మూసిన రెప్పల మీద రంగుతో దిద్దినవి.”

తార చూపు నాలుగో ఫోటో మీద ఆగింది.

“నాలుగోది కూడానా?”

ఆయన తల వంచుకున్నాడు.

“అదీనమ్మా.”

నాలుగోది తార తల్లి ఫోటో. తారకు నాలుగేళ్లప్పుడు ఆమె పోయింది. గొంతు గుర్తు లేదు, స్పర్శ గుర్తు లేదు. సూటిగా చూసే ఆ రెండు కళ్లనే అమ్మ అనుకుని ముప్పై అయిదేళ్లు బతికింది. ఉద్యోగం వచ్చిన రోజూ, పెళ్లి తప్పిపోయిన రోజూ ఆ కళ్లకే చెప్పుకుంది. పోవడానికి నెల ముందు స్టూడియోలో తీయించానని నాన్న చెప్పాడు. నాన్న అబద్ధమాడతాడా?

ఇంతలో వెనక నుంచి కేక వినబడింది. జవళి అంగడి శ్రీరంగయ్య. మొదటి ఫోటో ఆయన తాతది.

“ఎవురయ్యా నువ్వు? మా తాతను పట్టుకుని శవమంటావా? పదిమంది తిరిగే చోట ఇవేం మాటలు?”

ముసలాయన ఆయన వైపు చూడలేదు. తార ముఖంలోకి చూశాడు. చూపు తిప్పుకోకుండా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఆ చూపుకు తారకు భయమేసింది. భయంలోంచే కోపం పుట్టింది.

“పోండి! మళ్లా ఈడికి రావద్దు!”

“పోతానమ్మా. ఆ నాలుగోదానికి అద్దం లేదు. తడి మాత్రం తగలనీవద్దు.”

రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఆ దండం తనకో, ఫోటోకో తారకు తెలియలేదు.

అద్దం మసకబారిందని ప్రదర్శన కోసం ఆమే తీసేసింది. ఆ సంగతి పక్కన పెడితే, తడి తగలనీవద్దన్న మాట ఆమెను పీక్కుతింది.

శనివారం మధ్యాహ్నం. అందరూ భోజనాలకు వెళ్లారు. హాలు తలుపు దగ్గరికి వేసి, తార దూది తడిపింది. ఆయన మాట అబద్ధమని తేల్చుకోవాలి, అంతే. ఎడమ కన్ను మీద ఒక్కసారి అద్దింది.

దూదికి నలుపు అంటింది.

అక్కడితో ఆగితే బాగుండేది. చేయి ఆగలేదు. రెండో కన్ను కూడా తుడిచింది.

అమ్మ కళ్లు మూసుకుంది.

పట్టపగలు, గోడల మీద ముప్పై తొమ్మిది ఫోటోల మధ్య, తార నల్లబడ్డ దూది పట్టుకుని నిలబడింది. అమ్మ ఇప్పుడే, తన చేతుల్లోనే పోయినట్టయింది. ఇన్నేళ్లూ తనను చూస్తున్నది ఎవరు మరి?

ఆ కళ్లు మళ్లీ కావాలి. అవి ఎలా దిద్దినవో తెలిసినవాడు ఆయనొక్కడే.

సందర్శకుల పుస్తకం తిరగేసింది. శుక్రవారం పేజీలో వణికిన అక్షరాలు: ‘చూసినాను. సంతోషం. సోమప్ప, కావేరిపట్టణం.’

ఫోటోను సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

కావేరిపట్టణంలో పేరు చెప్పగానే ఇల్లు చూపించారు. గడప మీదుగా నీళ్లు పారుతున్నాయి. ఇల్లంతా కడుగుతున్నారు. మూలన దీపం వెలుగుతోంది.

తార గుమ్మంలోనే ఆగిపోయింది.

సోమప్ప కోడలు మంజులమ్మ చీపురు గోడకానించి వచ్చింది.

“మా మామ కోసమా? ఆలస్యమైపోయెనే అమ్మా. తెల్లారి లేయలేదు. ఇంతకు ముందే ఎత్తుకుపోయినారు.”

తార కృష్ణగిరి లైబ్రరీ నుంచి వచ్చానని ఎలాగో చెప్పి, సంచిలోంచి ఫోటో తీసింది.

మంజులమ్మ ఫోటో చూసింది. తర్వాత తార ముఖం చూసింది. అక్కడే ఆమె చూపు నిలిచిపోయింది.

“నువ్వేనామ్మా ఆ బిడ్డవి?”

“ఏ బిడ్డ?”

“నిన్న రాత్రి కూడు గూడా తినకుండా అదే చెప్పినాడు. స్టూడియోలో ముప్పై ఏండ్లు ఫోటోలకు కండ్లు దిద్దినాడమ్మా మా మామ. ఎవురికైనా ఇంట్లోవాళ్లను అడిగి దిద్దేవాడు. మీ అమ్మ కండ్లు ఎట్లుంటాయంటే మాత్రం మీ నాయన ఏడుస్తానే ఉన్నాడంట, చెప్పలేకపోయినాడంట.”

“మరి... ఎట్ల దిద్దినాడు?”

“నాలుగేండ్ల బిడ్డను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుని, పొద్దుగూకే దాకా ఆ బిడ్డ కండ్లే చూసి దిద్దినాడంట.”

తార గడప పట్టుకుంది.

“‘నేను దిద్దిన కండ్లు ఈ పొద్దు నిజంగా నన్ను చూసినాయి, చూసి బయటికి పొమ్మన్నాయి’ అని నవ్వుకుంటా పండుకున్నాడమ్మా.”