అడ్డపొగ

ఊళ్ళో పొగ మాన్పించే పెట్టె లేని ఇల్లు లేదు. పైడమ్మ అంగిట్లో తెల్లమచ్చ చూసి, చుట్ట మానకపోతే పుండవుతుందని డాక్టరమ్మ ఆమెకీ ఒకటిచ్చింది. మధ్యాహ్నం కునుకు పట్టగానే పెట్టె మెత్తగా చెప్పేది: "చుట్ట నిప్పు కంటపడితే నీకు వాంతి వస్తుంది."

ఇరవయ్యో రోజున పెట్టె "ఈమె మానేసింది" అంది. మనవరాలు హిమజకు నమ్మకం కుదరలేదు. ఎప్పుడూ గలగలా తిట్టే మామ్మ ఇవాళ చేపలు తోముతూ, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఏమడిగినా "ఊఁ" అనే అంటోంది. చేపల కంపు మామ్మకు ఎప్పట్నుంచి పడకుండా పోయింది?

హిమజ కొంగు లాగింది. పొగ గుప్పుమంది.

"మానేశావని పెట్టె అంది కదా మామ్మా!"

"పెట్టి మాట ఇన్నాను కదే గుంటా! నిప్పు అగుపిస్తే కక్కుకోమంది. కళ్ళు మూసి ముట్టించి, నిప్పు కొస నోట్లో ఎట్టుకుంతే నాకేటి అగుపిస్తాదే?"

అడ్డపొగ తాగే ఆడవాళ్ళను పెట్టె చేసినవాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. హిమజ గోడకున్న అద్దం తెచ్చి మామ్మ ముఖానికి ఎదురుగా పట్టింది.

"ఓపాలి ఆఁ అని, మచ్చ నువ్వే చూసుకో."

మామ్మ నవ్వుతూ నోరు తెరిచింది. మరుక్షణం చుట్టపీక ఉమ్మేసి, గోడ పట్టుకుని భళ్ళున కక్కింది.