నూట నలభై మూడో పేజీ

చూపులేని తమ్ముడు మృత్యుంజయం బడి నుంచి వచ్చి చేతికర్ర మూలన పెట్టాడు.

"అక్కా, రేపటి నుంచి పాఠం చెప్పను. నాకు మతి తప్పుతోంది."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వకుళ చెయ్యి ఆగింది.

"నూట నలభై మూడో పేజీ తియ్యండన్నాను. పిల్లల కళ్లద్దాల్లో అచ్చుపుస్తకం కనిపిస్తుంది కదా, అక్కడ ఆ పద్యం లేదట. ఇలా మూడోసారి. 'మాస్టారు ఏ ఊరి పుస్తకం చదివారో' అని ఒకడు గొణిగాడు."

అతని ఉంగరం ఏ పుస్తకమైనా చదివి వినిపిస్తుంది, పేజీ మారినప్పుడల్లా అంకె చెబుతుంది. ఆ అంకెలు వేసే ఉద్యోగం వకుళది. అచ్చులో పేజీ ఎక్కడ ముగిసిందో కంటితో చూసి సరిగ్గా అక్కడే వేయాలి. తమ్ముడు చెబుతున్న ఈ పాఠ్యపుస్తకం వచ్చిన రోజు ఆమెకు విసుగేసింది. మొత్తాన్ని సమానంగా కోసి అంకెలు వేసేయమని యంత్రానికి చెప్పింది. ఎవరు చూస్తారులే అనుకుంది.

ఇప్పుడు ఊరుకుంటే ఆ తప్పు తమ్ముడి మతిమరుపులో కలిసిపోతుంది. ఆ ఆలోచన తనకు హాయిగా తోచినందుకు ఆమెకు తన మీదే రోత పుట్టింది.

"నీ మతి బాగానే ఉందిరా. అంకెలు నేనే తప్పు వేశాను," అంటూ జరిగింది చెప్పింది.

మృత్యుంజయం వేలి ఉంగరం తిప్పాడు. తర్వాత నవ్వాడు.

"బతికించావు. అంకెలు వేసిన దానివి ఇంట్లోనే ఉన్నావు కాబట్టి నాకు తెలిసింది." అంతలోనే నవ్వు ఆగింది. "ఇంకా ఎన్ని పుస్తకాలకు ఇలా చేశావక్కా?"

వకుళ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. ఈనె ఎటువైపు ఉందో వేళ్లకు దొరకలేదు.